నాలుగో చోటు

ఆవిడ చచ్చిపోయిందనుకుని నేనే కాలు పట్టుకుని లాగాను.

నవంబరు మొదటి వారం. వలిస పూలు రాలిపోతున్న రోజులు. డుంబ్రిగుడ సంత నుంచి వస్తూ, మా ఊరి గెడ్డలో కాళ్లు కడుక్కుందామని దిగాను. మోకాలి లోతు నీళ్లలో నల్లటి రబ్బరు చొక్కా తొడుక్కున్న మనిషి బోర్లా పడి ఉంది. జుట్టు నీళ్లలో నాచులా ఊగుతోంది. ఒంట్లో కదలిక లేదు. నెత్తిమీది బుట్ట గట్టున పడేసి, పరిగెత్తుకెళ్లి చీలమండ పట్టుకుని ఈడ్చాను.

మనిషి గిరుక్కున తిరిగింది. మొహానికి అద్దం, నోట్లో గొట్టం. గొట్టం తీసి, అద్దం నుదుటి మీదికి తోసి నన్ను చూసింది. యాభై ఏళ్లుంటాయి. మొహంలో కోపమేమీ లేదు.

"నలభై రెండు దాకా వచ్చాను. పోయింది," అంది.

"ఏటి పోయింది?"

"లెక్క. చేపలు లెక్కపెడుతున్నాను." ఎడమ చెవి నా వైపు తిప్పింది. "ఇటు చెప్పమ్మా, రెండో చెవి పనిచెయ్యదు. నీకు రాయడం వచ్చా?"

ఇంటర్ పాసయ్యానని చెప్పాను. చలినీళ్లంటే భయమా అని అడిగింది. లేదన్నాను.

"అయితే రేపు పొద్దున్న ఆరింటికి రా. నీ వల్లే కదా, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాలి."

అలా మొదలైంది ఆ ఏటి కాఫీ కోతల కాలం.

ఆవిడ పేరు వరలక్ష్మి. ఊరు భీమిలి. తండ్రి సముద్రం మీద వేటకెళ్లే మనిషి. కూతురు చదువుకుని, సముద్రం అడుగున చేపలు లెక్కపెట్టే ఉద్యోగం సంపాదించింది. లక్షదీవుల్లో పగడపు దిబ్బల మీద ఈదుతూ పదిహేడేళ్లు అదే పని చేసిందట. ఒకసారి లోతు నుంచి పైకి వస్తుంటే కుడి చెవి లోపల ఏదో తెగింది. వినికిడి పోయింది, తల తిరుగుడు మిగిలింది. ఇక దిగొద్దన్నారు డాక్టర్లు.

"లోతు వద్దన్నారు. నీళ్లు వద్దనలేదు కదా," అంది నాతో. "మోకాలి లోతులోనూ చేపలుంటాయి. వాటినెవరూ లెక్కపెట్టలేదు ఇన్నాళ్లూ."

విశాఖపట్నంలో ఒక చిన్న సంస్థ ఆవిణ్ణి కొండ గెడ్డల ఆరోగ్యం చూడమని పంపింది. అరకు చుట్టుపక్కల నాలుగు గెడ్డలు ఎంచుకుంటే అందులో మాదొకటి. మా చర్చి పక్క గదిలో దిగింది. నాకు రోజు కూలి ఇచ్చి రాతపనికి పెట్టుకుంది.

ఆ ఏడు మా ఇంట్లో ఇంకో కొత్త సంగతి జరిగింది. మా ఆయన ఎలీయేజరు గెడ్డ ఒడ్డున కాఫీ పళ్లు ఒలిచే యంత్రం పెట్టాడు. అంతకుముందు పళ్లు కోసినవి కోసినట్టే సంచుల్లో నింపి, కింద నుంచి వచ్చే రమణమూర్తి అనే వ్యాపారికి ఇచ్చేసేవాళ్లం. తోలు ఒలిచి, గింజని ఒక రాత్రి నానబెట్టి, జిగురు కడిగి ఎండబెడితే దాని విలువే వేరు. ఆ పని మా ఊళ్లో ఎవరికీ రాదు. ఎలీయేజరు వెళ్లి నేర్చుకుని వచ్చాడు. ఎనిమిది ఇళ్లవాళ్లని కూడగట్టి యంత్రం తెప్పించాడు. అది తిరిగిన మొదటి రోజు ఎర్ర తోలు ఒక పక్కకీ తెల్ల గింజ ఒక పక్కకీ పడుతుంటే, మా అత్త సవరమ్మ పక్కనున్న వాళ్ల మోచెయ్యి పట్టుకుని, "నా కొడుకు," అంది. అక్కడున్న వాళ్లందరికీ తెలిసిన సంగతే.

నీళ్లలో పడుకోవడం నాకు నేర్పడానికి వరలక్ష్మి మేడమ్‌కి వారం పట్టింది. ఈత కాదు, పడుకోవడమే. అద్దం పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ, అడుగున రాళ్లు పట్టుకుని ఉండాలి. మా గెడ్డ మీద ఆరు చోట్లు గుర్తుపెట్టింది. మొదటిది పైన, ఊట దగ్గర. ఆరోది కింద, రోడ్డు వంతెన దగ్గర. మా యంత్రం మూడో చోటుకీ నాలుగో చోటుకీ మధ్య ఉంది. ఒక్కో చోట టేపు పరిచి, ఆ టేపుకి అటూ ఇటూ బారెడు దూరంలో కనిపించిన చేపలన్నీ రకాల వారీగా లెక్కపెట్టాలి. తడిసినా చెదరని తెల్ల పలక మీద పెన్సిలుతో రాయాలి.

"దిగిన వెంటనే లెక్కపెట్టకు," అనేది. "నిన్ను చూసి దాక్కుంటాయి. నువ్వొక దుంగవని అవి నమ్మేదాకా ఆగు. తరవాత బయటికొచ్చినవే అసలు లెక్క."

పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి పన్నెండేళ్లుగా ఆ గెడ్డలోనే బట్టలుతుకుతున్నాను, గిన్నెలు తోముతున్నాను. లోపల ఒక ఊరుందని తెలీదు. ముందు ఇసుక కదిలేది. ఇసుక రంగులోనే ఉన్న ఉలస చేప తల ఎత్తేది. తరవాత పరిగెలు గుంపుగా వచ్చి నా వేళ్ల మధ్యనుంచి వెళ్లేవి. అన్నిటికన్నా చివర వచ్చేది, మా ఇంట్లో నాకుడు చేప అని పిలిచేది. వేలెడంత పొడవు, మూతి కింది వైపుకి ఉంటుంది. నీటి జోరుకి ఎదురు నిలబడి, రాయికి మూతి ఆనించి, నాచు నాకుతూ రాయంతా తిరిగేది. మేడమ్ దానికో పొడుగాటి శాస్త్రం పేరు చెప్పింది. నాలుగు రోజులకి తనూ నాకుడు చేపే అనడం మొదలుపెట్టింది.

పొద్దున్న పని అయ్యాక గట్టు మీద మంట వేసుకుని ఒళ్లు కాచుకునేవాళ్లం. మా అత్త చోడి అంబలి తెచ్చేది. ఆవిడకి మేడమ్ అంటే ముందు నవ్వు, తరవాత ఆసక్తి. ఒకరోజు అడిగేసింది.

"సంద్రంలో సేపలొగ్గీసి మా గెడ్డలో పరిగెలు లెక్కెట్టుకుంతన్నావేటి సెల్లీ?"

మేడమ్ అంబలి తాగుతూ పగడపు దిబ్బ సంగతి చెప్పింది. పగడం రాయిలా కనిపిస్తుంది గాని రాయి కాదు, ప్రాణి అంది. లక్షల ప్రాణులు ఒకదాన్నొకటి అంటుకుని కట్టుకున్న ఊరు అంది.

"రాయికి పేణముందంటే మాకేటి కొత్త," అంది అత్త. "సర్చికి రాకముందు మేం మొక్కింది రాయికే గదా."

మేడమ్ చాలాసేపు నవ్వింది. తరవాత నిదానంగా చెప్పింది. "ఒక ఏడు ఎండాకాలం సముద్రం కాగిపోయిందక్కా. పగడాలన్నీ ముగ్గు పోసినట్టు తెల్లబడ్డాయి. నేను ఏటేటా లెక్కపెట్టే చోటే. మరుసటేడు వెళ్తే సగం దిబ్బ మీద నాచు పట్టేసింది. రెండో సగం మీద పట్టలేదు. ఏంటా అని చూస్తే, అక్కడ చిలకముక్కు చేపలు బతికున్నాయి. రోజంతా నాచు గీకి తింటున్నాయి. గీకిన చోట పిల్ల పగడాలు అతుక్కున్నాయి. రాయి బాగుందా అని చేపని అడగాలి, చేప బాగుందా అని రాయిని అడగాలి. ఒక్కదాన్నే అడిగితే నమ్మలేం."

"మరి నువ్వేటి సేసినావు?"

"లెక్కపెట్టాను."

"అంతేనా?"

"నాకు చేతనయింది అదే. ఆ లెక్క చూసి ఆ దీవిలో వాళ్లు చిలకముక్కు చేపకి వల వెయ్యడం మానేశారు." గ్లాసు కింద పెట్టి, "అందరూ కాదు, కొందరు," అని సరిచేసింది.

ఆ ఒక్క మాటకి నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. కథ బాగా వస్తోంది కదా అని 'అందరూ' అనేస్తే ఎవరు కాదంటారు? ఆవిడ అనలేదు.

డిసెంబరు మూడో వారంలో చెవి చూపించుకోడానికి విశాఖపట్నం వెళ్లింది. మా గెడ్డలో నాలుగో చోటు ఒక్కటే మిగిలింది. నువ్వు చెయ్యగలవు అని పలక నా చేతికిచ్చింది. ఆ చోట నవంబరులో ముప్పై ఎనిమిది వచ్చాయి. డిసెంబరు మొదట్లో ఇరవై తొమ్మిది.

పొద్దున్న మంచు ఇంకా విడలేదు. దిగుతుంటేనే నీళ్లు కుడితిలా ఉన్నాయి. పులిసిన వాసన. అద్దం పెట్టుకుని తల ముంచితే రాళ్లకి బూడిదరంగు జిగురు పట్టి, తడిసిన దూదిలా పీచులు పీచులుగా ఊగుతోంది. ఐదు నిమిషాలు ఆగాను. ఇంకో పది నిమిషాలు ఆగాను. పైపైన నోళ్లు తెరుచుకుని రెండు పరిగెలు తిరిగాయి. అంతే. ఉలస లేదు. నాకుడు చేప ఒక్కటి లేదు.

తల ఎత్తితే పైనుంచి యంత్రం తిరుగుతున్న చప్పుడు, దాని మీదుగా ఎలీయేజరు పాట వినిపించాయి. క్రిస్మస్ పాట సాధన చేస్తున్నాడు. గొంతు బాగుంటుంది మా ఆయనది. ఆ ఏడు రోజూ పాడుతున్నాడు.

నేను పలక మీద ఇరవై ఏడు అని రాశాను. ఇరవై తొమ్మిదే మళ్లీ రాస్తే అనుమానం వస్తుందని రెండు తగ్గించాను. అబద్ధానికి కూడా అంత లెక్క చూసుకున్నాను.

క్రిస్మస్ వెళ్లిన మూడో రోజున మేడమ్ తిరిగి వచ్చింది. పలక అడిగి తీసుకుని చూసింది. రబ్బరు చొక్కా వేసుకుని తిన్నగా నాలుగో చోటుకి వెళ్లి నీళ్లలో పడుకుంది. నేను గట్టు మీద నిలబడ్డాను. అరగంట అయ్యాక లేచింది. లేచేటప్పుడు తల తిరిగినట్టుంది, రాయి పట్టుకుని కాసేపు ఆగింది. తరవాత వచ్చి నా పక్కన కూర్చుని జుట్టు పిండుకుంది.

"పైనున్న యంత్రం ఎవరిది?"

"మా ఆయనది."

"ఊ," అంది.

తిడుతుందేమో, పనిలోంచి తీసేస్తుందేమో అని ఎదురుచూశాను. ఆవిడ పలక నా ఒళ్లో పెట్టింది.

"నేనివాళ చూసింది వేరే గడిలో రాసుకుంటాను. నీ గడిలో అంకె మీద నా అంకె వెయ్యను సిల్వియా. అది నీ పేరు మీద ఉన్న లెక్క. ఉంచాలన్నా కొట్టెయ్యాలన్నా నువ్వే."

మంట వెయ్యడానికి పుల్లలు ఏరుకోడానికి వెళ్లిపోయింది. పెన్సిలు ఎంత గట్టిగా పట్టుకున్నానో, గీత గీస్తే ముల్లు విరిగింది. విరిగిన ముక్కతోనే పక్కన రెండు అని రాశాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎలీయేజరు ఇంటికొచ్చాడు. చేతులకి కాఫీ జిగురు. నీళ్లిచ్చి, కడుక్కుంటుండగా నాలుగో చోట రెండే అని రాసిన సంగతి చెప్పాను.

"నా మీద రాసినావా?" అన్నాడు.

"నీ మీద కాదు. నీళ్ల మీద."

"ఆ నీళ్లలో కలిసింది నాదే గదా." తువ్వాలు దండెం మీద వేశాడు. "మందు కొట్టినానా, ఇసం కలిపినానా? పండు కడిగిన నీళ్లు. పిట్టలు తినే పండు. దానికి సేప సస్తాదా?"

తరవాత మంట దగ్గర మేడమ్ నాకు చెప్పింది చెప్పాను. పండులో తీపి నీళ్లలో పడి కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు నీళ్లలో గాలి అంతా అదే లాగేసుకుంటుంది. వానాకాలమైతే జోరుకి కొట్టుకుపోయేది, ఇప్పుడు గెడ్డ సన్నబడింది. చేపకి ఊపిరాడదు.

"ఆ మేడమ్ మార్చిలో ఎల్లిపోద్ది. యంత్రం ఇక్కడుంటాది. ఎనిమిదిళ్లోళ్లు నా మొగం సూసి పళ్లు తెత్తన్నారు. ఏటి సెప్పమంటావు ఆళ్లకి?"

పొయ్యి దగ్గర నుంచి మా అత్త అంది, "నాను బుట్ట పైకి మార్సీసినాను."

ఆవిడ చేపలకి వెదురు బుట్ట పెడుతుంది గెడ్డలో. ఏళ్ల తరబడి, ఇప్పుడు యంత్రమున్న చోటికి కింది మలుపులోనే పెట్టేది.

"ఎప్పుడు?" అన్నాడు ఎలీయేజరు.

"మూడు ఆదోరాలైపోనాది. కింద ఏటీ పడ్డం లేదు."

"నాకేల సెప్పలేదు?"

అత్త పొయ్యిలో పుల్ల లోపలికి తోసింది. "నువ్వు పాడతన్నావు గదరా. మీ అయ్య పోయిన కాడి నుంచి నువ్వు పాడగా నాను యినలేదు."

మా ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. అత్త కంచంలో కూర తక్కువైందని తనది కొంచెం తీసి వేశాడు.

తెల్లారి నేను గెడ్డకి వెళ్లేసరికి అతను ముందే వచ్చి ఉన్నాడు. మేడమ్ రాగానే లేచి నిలబడి, "ఆ అద్దం ఒకసారి ఇస్తారా," అని అడిగాడు.

ఎలీయేజరు ఎప్పుడూ నీళ్లలో తల ముంచిన మనిషి కాదు. మొదటి రెండుసార్లు గొట్టంలో నీళ్లు పోయి దగ్గుతూ లేచాడు. మేడమ్ ఓపిగ్గా అద్దం బిగించి, మెడ మీద చెయ్యి వేసి, ఊపిరి ఎలా తియ్యాలో చూపించింది. ముందు మూడో చోటు, యంత్రానికి పైన. పడుకున్నాడు. డిసెంబరు ఆఖరి చలి. ఐదు నిమిషాలకి పళ్లు కొట్టుకుంటూ లేచాడు.

"బోలెడున్నాయి," అన్నాడు. "ఒకటి నా అద్దం కాడికొచ్చి నన్నే సూసినాది."

పిల్లాడిలా నవ్వాడు. మేడమ్ కూడా నవ్వింది. తరవాత నడుచుకుంటూ నాలుగో చోటుకి వెళ్లాం.

ఐదు నిమిషాలు అయింది. పది అయింది. వీపు వణకడం గట్టు మీదికి కనిపిస్తోంది. మేడమ్ వంగి భుజం మీద తట్టింది. చాలు లెమ్మని. అతను లేవలేదు. నీళ్లలోంచే చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. పావుగంట దాటాక లేచాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"దాక్కున్నాయి గావాల అనుకున్నాను," అన్నాడు. "నాను దుంగనని ఇంకా నమ్మలేదు గావాల అని."

అతను చొక్కా అంచుతో అద్దం తుడిచి, రెండు చేతులతో మేడమ్‌కి ఇచ్చాడు.

"ఆ నీళ్లు గెడ్డలోకి పోకుండా సెయ్యాలంటే ఏటి సెయ్యాల?"

మేడమ్ అతని వైపు ఎడమ చెవి తిప్పింది. రెండోసారి అడిగించుకుంది. వినపడక కాదని నేననుకుంటాను.

మూడు గోతులు కావాలంది. ఒకదానికంటే ఒకటి దిగువగా. మొదటి దాంట్లో చెత్త దిగుతుంది, రెండో దాంట్లో సున్నం వెయ్యాలి, మూడో దాంట్లోంచి నీళ్లు నేలలో ఇంకి, కాఫీకి నీడనిచ్చే సిల్వరోక్ చెట్లకి పోవాలి. తోలంతా వేరే కుప్ప వేసి ఎరువు చెయ్యాలి. గోతులు అయ్యేదాకా యంత్రం ఆపాలి.

పళ్లు మంచి జోరు మీదున్న రోజులు. ఒలవకుండా ఉంచితే ఒక్క రోజుకే పాడవుతాయి. ఎనిమిదిళ్ల వాళ్లనీ యంత్రం దగ్గరికి పిలిచి ఎలీయేజరు సంగతి చెప్పాడు. యర్రయ్య మావ లేచాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ కాఫీ మొక్కలున్నది ఆయనకే.

"సేపల కోసం కాపీ ఆపుతావేటిరా? రెండు నెలలాగితే కోతలైపోతాయి. వానలొత్తే గెడ్డ దానికదే కడుక్కుంటాది."

"కడుక్కుంటాది మావా," అన్నాడు ఎలీయేజరు. "వొచ్చే నవంబర్లో నాను ఆ నీళ్లు మళ్లీ పోత్తాను. అప్పుడూ కడుక్కుంటాదా?"

"నీకు పిచ్చెక్కినాది. ఆ సెవిటి మేడమ్ ఎక్కించినాది."

"నాను సూసినాను మావా. నువ్వూ దిగి సూడు. అద్దమిప్పిత్తాను."

యర్రయ్య మావ దిగలేదు. ఆయనా, ఇంకో ఇంటివాళ్లూ మర్నాడే పళ్లు రమణమూర్తికి ఇచ్చేశారు. మిగతా వాళ్లు పళ్లని పళ్లుగానే చాపల మీద ఎండబెట్టుకున్నారు. దానికి ధర తక్కువని అందరికీ తెలుసు. మా ఆయన ఎవర్నీ బతిమాలలేదు. పార తీసుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు తవ్వాం. రాతి నేల. మా అత్త అరవై ఏళ్ల మనిషి, గునపంతో రాళ్లు కదిపేది, నేను మట్టి మోసేదాన్ని. రెండో రోజు బుధు అనే మా మరిది వరసవాడు వచ్చి చేరాడు. అతని వెనక ఇంకో నలుగురు. మేడమ్ రోజూ తన పని ముగించుకుని వచ్చేది. "నా పని లెక్క. తవ్వడం నా పని కాదు," అని చెపుతూనే మట్టి గమేళా ఎత్తేది. ఒకసారి తల తిరిగి మట్టి కుప్ప మీద కూలబడింది. పరిగెత్తుకెళ్తే చెయ్యి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది. తరవాత లేచి మళ్లీ అదే గమేళా ఎత్తింది. ఎవరి మెప్పు కోసమూ చేసినట్టు లేదు. చెయ్యాలి కాబట్టి చేసింది. ఆవిణ్ణి చూస్తూ చూస్తూ నాకూ ఒళ్లు నొప్పులు చెప్పుకోవడం తగ్గింది.

పదో రోజు యంత్రం మళ్లీ తిరిగింది. నురగ నీళ్లు మొదటి గోతిలోకి జారాయి. ఎలీయేజరు గెడ్డ వైపు వెళ్లి, ఒడ్డు పొడుగునా నడిచి, ఎక్కడా ఊరడం లేదని చూసుకుని వచ్చాడు.

చేపలు మాత్రం రాలేదు. జనవరి ఆఖరులో నాలుగో చోట సున్నా. ఫిబ్రవరి మొదట్లో సున్నా. నేను నీళ్లలోంచి లేచి సున్నా చెప్పినప్పుడల్లా మేడమ్ అదే గొంతుతో, "సున్నా. రాసుకున్నాను," అనేది. ఓదార్చేది కాదు. నెల మధ్యలో నాలుగు పరిగెలు వచ్చాయి. అప్పుడూ అదే గొంతు. రాళ్ల మీది దూది మాత్రం ఊడిపోయి, కింద నల్ల రాయి కనిపించడం మొదలైంది.

మార్చి రెండో వారంలో ఆఖరి లెక్క. అదే రోజు సాయినాథ్ అనే అతను ఊరికి వచ్చాడు. ఒక కాఫీ కంపెనీ తరఫున గింజలు కొనేవాడు. మంచి మర్యాద తెలిసిన కుర్రాడు. మా గోతుల సంగతి ఎవరో చెప్పగా విని వచ్చాడు. యంత్రం చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. ఎనిమిదిళ్ల వాళ్లూ వచ్చారు, యర్రయ్య మావతో సహా.

"చాలా మంచి పని చేశారండీ. మా వాళ్లకి ఇలాంటివే కావాలి," అన్నాడు సాయినాథ్. "ఇక్కడొక బోర్డు పెడతాం. 'ఈ గెడ్డ ఆరోగ్యంగా ఉంది, చేపలు తిరిగి వచ్చాయి' అని. మేడమ్ గారు ఒక కాగితం మీద సంతకం చేసిస్తే చాలు. వచ్చే కోతకి మీ గింజకి ధర వేరేగా ఉంటుంది."

అందరి మొహాలూ మేడమ్ వైపు తిరిగాయి. ఆవిడ అప్పుడే నీళ్లలోంచి వచ్చింది. జుట్టులోంచి చుక్కలు పడుతున్నాయి.

"ఇవాళ నాలుగో చోట పదకొండు," అంది. "అందులో నాకుడు చేపలు రెండు. నవంబరులో ముప్పై ఎనిమిది. ఇది కోలుకుంటున్న గెడ్డ బాబూ, ఆరోగ్యంగా ఉన్న గెడ్డ కాదు. నేనలా రాయలేను."

"తేడా ఎవరికి తెలుస్తుంది మేడమ్? వీళ్లకే కదా మంచిది."

ఆ మాట నిజమే. వీళ్లకే మంచిది. తొమ్మిది రోజులు రాళ్లు తవ్వినవాళ్లు, ధర పోగొట్టుకున్నవాళ్లు ఎదురుగా నిలబడ్డారు. మేడమ్ వాళ్లని ఒక్కొక్కరినే చూసింది. ఆవిడ మొహం పాలిపోవడం అదే మొదటిసారి చూశాను.

ఎలీయేజరు గుంపులోంచి ముందుకొచ్చాడు.

"పదకొండే రాయండి," అన్నాడు.

సాయినాథ్ అతని వైపు తిరిగాడు.

"డిసెంబర్లో రెండే ఉన్నాయని కూడా రాయండి. నా యంత్రం వల్లే అని రాయండి. గోతులు తవ్వినామని రాయండి. ఆటి కింద కావాలంటే నాను సంతకం పెడతాను." నా వైపు చూసి, "మా ఇంటిది లెక్కెట్టింది. తప్పు లెక్క కాదు," అన్నాడు.

యర్రయ్య మావ తువ్వాలు భుజం మార్చుకుని, "మరేటి, అలాగే రాయండి," అని గొణిగాడు. ఎందుకన్నాడో నాకిప్పటికీ తెలీదు. ఆ తరవాత గెడ్డ వైపు నడిచి, పదకొండు చేపలున్న చోటుని గట్టు మీంచే వంగి చూశాడు.

సాయినాథ్ బోర్డు పెట్టలేదు. గింజలు మాత్రం కొన్నాడు, మామూలు ధరకి. మేడమ్ ఆ వారమే వెళ్లిపోయింది. బస్సు ఎక్కే ముందు మా అత్త ఆవిడ చెవి దగ్గర ఏదో చెప్పింది. కుడి చెవి వైపు చెప్పింది పాపం. మేడమ్ వినపడినట్టే తల ఊపి, అత్త రెండు చేతులూ పట్టుకుంది.

నెల రోజులకి రిపోర్టు పోస్టులో వచ్చింది. ఎలీయేజరు దీపం దగ్గరికి జరిగి నాలుగో చోటు పేజీ చదివించుకున్నాడు. యంత్రం సంగతి ఉంది, గోతుల సంగతీ ఉంది. నేను కొట్టేసిన ఇరవై ఏడు సంగతి కూడా ఒక్క ముక్కలో ఉంది: "మొదటి నమోదును లెక్కించినవారే సరిదిద్దారు." కింద లెక్కించినవారి పేర్లు. వరలక్ష్మి, సిల్వియా. ఆవిడ పేరుకీ నా పేరుకీ అక్షరాల సైజులో తేడా లేదు. అంతకుముందు నా పేరు అచ్చులో నేను చూసింది ఇంటర్ మార్కుల కాగితం మీదే.

ఇది జరిగి రెండేళ్లు. మేడమ్ ఇప్పుడు మారేడుమిల్లి వైపు గెడ్డల్లో పనిచేస్తోంది. మా నాలుగు గెడ్డలూ నాకు వదిలింది. నెలకోసారి ఫోన్లో లెక్క చెపుతాను. ఎంత చెప్పినా, "రాసుకున్నాను," అంటుంది. నిరుడు సాలూరు దగ్గర ఇంకో ఊరివాళ్లు యంత్రం పెట్టుకుంటూ ఎలీయేజరుని పిలిస్తే, ముందు గోతులు తవ్వించి, తరవాతే యంత్రం దింపించాడు.

నిన్న పొద్దున్న నాలుగో చోట దిగాను. నీళ్లు చల్లగా, తేటగా ఉన్నాయి. ఆగి, ఆగి, లెక్కపెట్టాను. ఇరవై ఆరు. లేవబోతుంటే రాయి కిందికి ఇంకోటి దూరినట్టు అనిపించింది. సరిగ్గా చూడలేదు. దాన్ని కలపలేదు.